అరంగుళం ఉత్తరానికి

దేవుణ్ణి పిలవడంలో సోమలింగానికి ఏనాడూ చిక్కు రాలేదు. పంపడంలోనే వచ్చింది. ఆ చిక్కు యాభై నాలుగేళ్లుగా ఆయన మనసులో అలాగే ఉండిపోయింది.

ఇంట్లో ఏ వ్రతం చేసినా ముందు తమలపాకు మీద పసుపు ముద్దను నిలబెట్టి, గణపతీ రావయ్యా అని పిలుస్తారు. కుంకుమ పెడతారు, బెల్లం ముక్క నైవేద్యం పెడతారు. ఆ పూజ కాగానే ఆకును ఉత్తరం వైపు కాస్త జరిపి "యథాస్థానం ప్రవేశయామి" అంటారు. నీ చోటికి నువ్వు వెళ్లు స్వామీ అని. ఆ క్షణం నుంచి అది మళ్లీ పసుపు ముద్దే. మర్నాడు ఆడవాళ్లు దాన్నే ముఖానికి రాసుకుంటారు.

సోమలింగం ఏడో తరగతి పరీక్ష గట్టెక్కితే ఇరవై ఒక్క గుంజీలు తీస్తానని గణపతికి మొక్కుకున్నాడు. గట్టెక్కాడు. ఆ వారంలోనే ఇంట్లో వ్రతం వచ్చింది. పసుపు గణపతి ముందు చెవులు పట్టుకుని గుంజీలు మొదలుపెట్టాడు. పద్దెనిమిదోది తీసి లేస్తుండగా, ముహూర్తం దాటిపోతోందని తొందరపడుతున్న తండ్రి ఆకును ఉత్తరానికి జరిపేశాడు.

"ఇక చాలురా, ఆయన వెళ్లిపోయాడు" అన్నాడు.

పిల్లవాడు చెవులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంకా మూడున్నాయి.

ఆ మూడూ ఆ తర్వాత ఏ పండగకో తీసేయవచ్చు కదా అంటే, తీసేయవచ్చు. కాని సోమలింగం అనుమానం వేరు. తను బాకీపడిన గణపతి వెళ్లిపోయాడు. మళ్లీ వ్రతానికి వచ్చినవాడు ఆయనేనా? ఆయన కాకపోతే, ఒకరి బాకీ ఇంకొకరికి తీర్చినట్టవుతుంది. ఆయనే అయితే, అరంగుళం జరిపినంత మాత్రాన ఎక్కడికి వెళ్లి వచ్చినట్టు? పెళ్లయిన కొత్తలో ఒకసారి పురోహితుణ్ణి అడిగాడు. అంతా ఒకరేనయ్యా అన్నాడాయన. ఒకరే అయితే పంపడం దేనికండీ అని సోమలింగం మళ్లీ అడిగాడు. పురోహితుడు ఆయన చేతిలో అక్షతలు పోసి, వేయమన్నప్పుడు వేయమన్నాడు. సోమలింగం పదో తరగతి దాకా చదివి ఇత్తడి సామాను కొట్లో కూర్చున్న మనిషి. శాస్త్రాలు తెలియవు. అందుకని అక్షతలు వేస్తూ వచ్చాడు. అనుమానాన్ని దాచుకుంటూ వచ్చాడు.

ఈ కథ జరిగింది వినాయక చవితి ముందు రోజు, ఆదివారం నాడు.

ఆ ఊళ్లో ఆ ఏడాది ఎవరి నోట విన్నా బాలహస్త కళావికాస కేంద్రం మాటే. పిల్లలు కళ్లతో చూసి, చెవులతో విని ఇంతకాలం చెడిపోయారనీ, ఇక మీదట చేతులతో నేర్చుకుంటే తప్ప బాగుపడరనీ పై నుంచి ఒక అభిప్రాయం దిగింది. దిగిన మూడు నెలల్లో పాత ధాన్యం గిడ్డంగికి రంగులేసి కేంద్రం తెరిచారు. సోమలింగం కోడలు హిమజ పదిహేను రోజుల ముందే టికెట్లు తీసింది. కొడుకు పండగ బేరాలు వదిలి రాలేనన్నాడు. అందుచేత సోమలింగం, ఆయన భార్య నాగరత్నం, హిమజ, ఏడేళ్ల మనవరాలు హంసిక బయల్దేరారు. పులిహోర డబ్బా, అరటిపళ్లు, మంచినీళ్ల సీసాలు నాగరత్నం సర్దింది. చేతిసంచీలో కుంకుమ భరిణె సర్దవలసిన పని లేదు. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

హంసికకు ఈ ప్రయాణంలో ఒక పని ఉంది. ఆ పిల్ల చేతికి అంత నేర్పు లేదని బడిలో పేరు. ఆమె వేసిన చిలక బొమ్మ కింద టీచరమ్మ "ప్రయత్నించింది" అని రాసింది. అతికించిన కాగితం పువ్వు కింద కూడా అదే రాసింది. ఆ పిల్ల అప్పటినుంచి బొమ్మలు వేసినా ఎవరికీ చూపించడం మానేసింది. అది కనిపెట్టిన నాగరత్నం, ఈ చవితికి బజారు విగ్రహం కొననని, హంసిక తన చేత్తో చేసిన గణపతినే పీట మీద కూర్చోబెడతానని మాటిచ్చింది. దానికి మంచి బంకమట్టి కావాలి. అది కేంద్రంలో ఉంది. ఆ పిల్ల దారి పొడుగునా గాలిలో వేళ్లతో తొండం చుడుతూ కూర్చుంది.

గేటు దగ్గరే పెద్ద బోర్డుంది: "ఇచ్చట దేనినైనను ముట్టుకొనకుండ వెళ్లుట నిషిద్ధం."

సోమలింగానికి ఆ బోర్డు నచ్చింది. ఆయన ఎక్కడికి వెళ్లినా ముట్టుకోవద్దన్న బోర్డులే చూశాడు. బిందె మంచిదో కాదో వేలితో కొట్టి చూస్తే తప్ప తెలియదని ఆయన వృత్తి ఆయనకు నేర్పింది. మొదటిసారి ప్రభుత్వం తనతో ఏకీభవించిందనుకున్నాడు.

తలా ఒక స్పర్శ కార్డు ఇచ్చారు. మూడు గదులు, మూడు గళ్లు. గదిలో ఉన్న ప్రతి వస్తువునూ ముట్టుకున్నాకే గడిలో ముద్ర పడుతుంది. మూడు ముద్రలూ పడితేనే బయటికి వెళ్లే తలుపు తెరుచుకుంటుంది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాళ్లను కాపలాదారు అప్పలనాయుడు ఆపి, చేతులు ముందుకు పెట్టిస్తున్నాడు. చేతులకు తొడుగులు వేసుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన మొదటి గది దాటలేకపోయాడు. ఆయన కార్డు మీద "స్పర్శ వైఫల్యం" అని రాసి, మళ్లీ మొదటినుంచి ముట్టుకు రమ్మన్నారు.

మొదటిది ఆకుల గది. నలభై రకాల ఆకులు తడిమారు. వాటిలో దురదగొండి కూడా ఉందేమోనని నాగరత్నం అడిగింది. నిపుణుల సంఘం ఇంకా తేల్చలేదన్నారు. రెండోది రంగుల గది. అక్కడ అరచెయ్యి రంగులో ముంచి గోడ మీద వెయ్యాలి. అరవై దాటినవాళ్లకు నీలమే మిగిలింది. దంపతులిద్దరూ నీలం చేతులతో మూడోదైన మట్టి గదిలోకి వచ్చారు.

మట్టి గదిలో స్పర్శ సహాయకురాలు శ్రావ్య అనే అమ్మాయి నిబంధన చదివి వినిపించింది. ఇక్కడ పిల్లలు చేసిన ప్రతి వస్తువూ గది మధ్యలో ఉన్న సమష్టి బల్ల మీద పెట్టాలి. సృష్టి అందరిదీ కనుక, ఆ సమయానికి ఆవరణలో ఉన్న సందర్శకులందరూ దాన్ని ముట్టుకోవాలి. అందరూ ముట్టుకున్న తర్వాతే అది చేసిన పిల్లల చేతికిస్తారు. తన స్నేహితురాలి కూతురు పోయిన వారం ఇక్కడ నెమలి చేసిందని, ఇంటికి చపాతీ తీసుకెళ్లిందని హిమజ అత్తగారి చెవిలో చెప్పింది.

హంసికకు అదేమీ వినిపించలేదు. గంటసేపు తల ఎత్తలేదు. ఒక చెవి పెద్దదయింది. తొండం ఎడమకు తిప్పబోతే కుడికి తిరిగింది. పొట్ట మాత్రం సరిగ్గా కుదిరింది. ఎవరో ఒకాయన పక్కనుంచి వెళ్తూ, ఆగి, "వినాయకుడు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ పిల్ల ముఖం చూడవలసి ఉంది. ఎవరూ చెప్పకుండా, కింద పేరు రాయకుండా, ఆమె చేసింది ఏమిటో ఒకరు పోల్చుకోవడం అదే మొదటిసారి.

బొమ్మను సమష్టి బల్ల మీద పెట్టారు. తర్వాత జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. ఎదురుగా గణపతి ఉన్నాడు, నుదురు బోడిగా ఉంది. నాగరత్నం భరిణె తీసి కుంకుమ పెట్టేసింది. కుంకుమ పెట్టాక ఖాళీగా ఉంచకూడదు కనుక సోమలింగం అరటిపండు తీసి ముందుంచాడు. పండు పెట్టాక ఊరుకోకూడదు కనుక చేతులు జోడించి, రావయ్యా, నైవేద్యం అందుకోవయ్యా అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ దంపతుల చేతులు ఆ వరసలోనే కదులుతున్నాయి. మధ్యలో ఆగడం వాటికి తెలియదు.

"ఇప్పుడు నిజంగా వచ్చాడా తాతయ్యా?" అంది హంసిక.

"వచ్చాడమ్మా" అన్నాడు. పిలవడంలో ఆయనకు అనుమానం లేదు కదా.

శ్రావ్య చూసింది. పరుగున వెళ్లి పైవాళ్లకు చెప్పింది. రెండు నిమిషాల్లో సహాయ సంచాలకులు దయానిధి గారు వచ్చారు. ఆయన నడక, చూపు, దగ్గు అన్నీ నిదానం. దేనికీ తొందరపడి బాధ్యత తీసుకోని మనిషి. ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు. ఆ తిరగడం ప్రదక్షిణ కింద వస్తుందేమోనని అనుమానం వచ్చి, వెనక్కి నడిచి మొదటి చోటికి చేరారు.

"ప్రభుత్వ ఆవరణలో పూజాదికాలు జరిగిన నిర్మాణాన్ని కమిటీ ఆమోదం లేకుండా తొలగించరాదు, తరలించరాదు, తాకరాదు" అన్నారు. "తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథ స్థితి."

నిర్మాణం ఎత్తు కొలిచారు. నాలుగంగుళాలు. చెవితో కలిపితే నాలుగుంపావు. దాన్ని రికార్డు చేశారు. బల్ల చుట్టూ తాడు కట్టారు. అరటిపండును అనుబంధ నిర్మాణంగా రాసుకున్నారు.

సోమలింగం వినయంగా దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, కుంకుమ పెట్టకముందు ముట్టుకుని తీరాలి. పెట్టాక ముట్టుకుంటే నేరం. మధ్యలో మారిందేంటండీ?"

"ఫైలు మారింది" అన్నారు దయానిధి గారు.

అక్కడితో అయిపోతే ఇది కథ కాదు. మట్టి గదిలోని ప్రతి వస్తువునూ ముట్టుకుంటేనే మూడో ముద్ర పడుతుంది. ఒక వస్తువును ముట్టుకోవడానికి వీల్లేదు. కనుక మూడో ముద్ర ఎవరికీ పడదు. పడకపోతే తలుపు తెరుచుకోదు. ఆ సమయానికి ఆవరణలో ఉన్నవాళ్లు మూడు వందల పన్నెండుమంది. వాళ్లలో కొందరు ఉదయం తొమ్మిదింటికి వచ్చినవాళ్లు. పిల్లలు ఆకలంటున్నారు. అప్పలనాయుడు తలుపుకి అడ్డంగా నిలబడి, నన్నడిగితే ఏం లాభం బాబూ, మీకు ముద్ర లేదు, నాకు తాళంచెవి లేదు అంటున్నాడు.

కేంద్రం అధికారులు వెంటనే చేతులు ముడుచుకు కూర్చున్నారనడం అన్యాయం. వాళ్లు ఒక ఉపాయం ఆలోచించారు. భౌతిక స్పర్శ కుదరనప్పుడు దృష్టి స్పర్శను పరిగణించవచ్చునా అన్న ప్రశ్న లేవదీసి, పరిగణించవచ్చునని తామే జవాబు చెప్పుకున్నారు. తాడు ఇవతల నిలబడి, వస్తువును కనీసం పది సెకన్లు తదేకంగా చూసినవాళ్లు ఒక ఫారం నింపి ఇవ్వాలి. దాన్ని పై ఆఫీసుకు పంపి, అనుమతి వచ్చాక ముద్ర వేస్తారు.

అలా వరస ఏర్పడింది. వరసలో నిలబడి, ఎదురుగా ఉన్న గణపతిని పది సెకన్లు తదేకంగా చూసే తెలుగువాళ్ల చేతులు ఎలా ఊరుకుంటాయి? జోడించారు. జోడించినవాళ్లు చెప్పులు విప్పారు. చెప్పులు కలిసిపోతున్నాయని శ్రావ్య టోకెన్లు ఇవ్వవలసి వచ్చింది. ఒకావిడ సంచీలోంచి రెండు జామపళ్లు పెట్టింది. ఇంకొకావిడ పిల్లవాడి సైకిలు బెల్లు అడిగి తీసుకుని మోగించింది. రంగుల గదిలో మిగిలిన నీలంతో ఎవరో బల్ల ముందు ముగ్గు కూడా వేశారు. అనుబంధ నిర్మాణాలు పదిహేడయ్యాయి. ప్రతి దానికీ ఎత్తు కొలవవలసిన శ్రావ్య వెక్కి వెక్కి ఏడవబోయి, స్కేలు పట్టుకుని ఆగిపోయింది.

దయానిధి గారు ఆమెను పక్కకు పిలిచి, నిర్మాణం అన్నాక నిర్వహణ ఉండాలి, సాయంత్రం దీపం వెలగాలి, మీరు మట్టి విభాగమే కదా, కమిటీ వేరే ఏర్పాటు చేసేవరకు తాత్కాలిక అర్చకురాలిగా అదనపు బాధ్యతలు చూడండి అన్నారు. ఆ అమ్మాయి తాను లలిత కళల్లో డిప్లొమా చేశానని చెప్పుకుంది. అదనపు బాధ్యతలకు అర్హతలు అక్కరలేదన్నారు. సోమలింగాన్ని పిలిచి, మీరు వ్యవస్థాపకులు, ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. ఏం వ్యవస్థాపించానండీ అంటే, అది కమిటీ చెబుతుందన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందంటే, రేపు సెలవు, ఎల్లుండి సెలవుకు మర్నాడు, ఆ తర్వాత చూద్దాం అన్నారు. అయిదున్నరకు హాలుకు తాళం వేసి సీలు చేస్తారట. జనానికేం, ఫోను మీద అనుమతి తెప్పిస్తున్నాం, పంపేస్తాం. నిర్మాణం మాత్రం ఇక్కడే.

ఈ మాట హంసిక విన్నది. ఆరిన మట్టి చేతులు కడుక్కోకుండా అలాగే పట్టుకుని నిలబడి ఉంది ఆ పిల్ల. ఏడవలేదు.

"చీకట్లో ఒక్కడే ఉంటాడా?" అంది. మళ్లీ, "రేపు మన పీట మీద ఎవరు కూర్చుంటారు?" అంది.

హిమజ బజారులో కొందామనబోయింది. నాగరత్నం కోడలి చెయ్యి నొక్కింది.

సోమలింగం గోడవార కుర్చీలో కూర్చున్నాడు. పిలిచింది తను. పిలిచినవాడు పంపకుండా వెళ్లిపోతే, ఆ వచ్చినాయన సర్కారు గిడ్డంగిలో, సీలు వెనకాల, దీపం లేకుండా కూర్చుంటాడు. పంపేస్తే? పంపేస్తే అది మట్టి. మట్టికి కమిటీ ఎందుకు? యాభై నాలుగేళ్లుగా తనను తినేసిన ఆ అరంగుళం ఇవాళ పనికొచ్చేలా ఉంది. లేచాడు.

"అయ్యా, ఆయనే ఖాళీ చేసి వెళ్లిపోతే మీకేమైనా అభ్యంతరమాండీ?"

దయానిధి గారు చాలాసేపు ఆలోచించారు. ఆక్రమణదారు స్వచ్ఛందంగా ఖాళీ చేసిన పక్షంలో శాఖకు అభ్యంతరం ఉండబోదన్నారు. అయితే ఖాళీ చేసినట్టు ధ్రువీకరించేదెవరు?

"పిలిచినవాడు పంపితే వెళ్తాడండీ. పూజల్లో అంతే. ఉత్తరానికి కాస్త జరిపి మంత్రం చెప్పాలి."

జరపాలంటే తాకాలి. తాకరాదు. దయానిధి గారు మళ్లీ ఆలోచించి, నిర్మాణాన్ని తాకరాదు గాని, దాని కిందనున్న చెక్కపలక కేంద్రం ఆస్తి, దానిని అవసరాన్ని బట్టి జరుపుకునే అధికారం కేంద్రానికి ఎప్పుడూ ఉందన్నారు. అది ఆ రోజు ఆయన తీసుకున్న మొదటి నిర్ణయం. ఆయనకే కాస్త ఆశ్చర్యం కలిగింది.

తర్వాత ఉత్తరం ఎటన్నది వచ్చింది. సాయంత్రపు ఎండ పడమటి కిటికీలోంచి పడుతోంది కనుక ఉత్తరం దానికి కుడిచేతి వైపని సోమలింగం అన్నాడు. దయానిధి గారు భవనం నక్షా తెప్పించారు. నక్షాలో బాణం గుర్తు గేటు వైపుంది. సూర్యుడు అటున్నాడు కదండీ అంటే, నక్షాకు మంజూరు ఉందన్నారు. కాసేపు తర్జనభర్జన అయ్యాక, పలకను పావంగుళం నక్షా ఉత్తరానికి, పావంగుళం సూర్యుడి ఉత్తరానికి జరపడానికి ఒప్పందం కుదిరింది. జరిపేది శ్రావ్య, తాత్కాలిక అర్చకురాలి హోదాలో.

మూడు వందలమంది తాడు చుట్టూ నిలబడ్డారు. శ్రావ్య పలక జరిపింది. సోమలింగం చేతులు జోడించి, "యథాస్థానం ప్రవేశయామి" అన్నాడు. అంటుంటే గొంతు తన తండ్రి గొంతులా వినిపించింది ఆయనకు.

నాలుగు యాభై రెండుకు దేవుడు ఆవరణ ఖాళీ చేసినట్టు దయానిధి గారు రాసుకున్నారు. జనం చేత సాక్షి సంతకాలు పెట్టించారు. తాడు విప్పేశారు.

"వెళ్లిపోయాడా తాతయ్యా?"

సోమలింగానికి అబద్ధం చెప్పడం రాదు. "కాగితం ప్రకారం వెళ్లిపోయాడమ్మా" అన్నాడు.

హంసిక బొమ్మను తీసుకోబోయింది. దయానిధి గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఇప్పుడిది నిర్మాణం కాదు, సాధారణ మట్టి వస్తువు. కనుక సాధారణ నిబంధన వర్తిస్తుంది. ఆవరణలో ఉన్న మూడు వందల పన్నెండుమందీ ముట్టుకోవాలి. అప్పుడే మీకు అప్పగింత. వాళ్లకు ముద్ర.

సోమలింగానికి అప్పుడు తట్టింది. ఇంతసేపూ ఆ మట్టిని కాపాడింది ఆ కుంకుమే. తనే తెలివి ఉపయోగించి ఆయన్ని పంపేశాడు. ఇప్పుడు మూడు వందల చేతుల కింద పడి ఆ చెవి పోతుంది, ఆ తొండం పోతుంది. సాయంత్రానికి మిగిలేది చపాతీ. పిల్ల ముఖంలోకి చూడలేక బల్ల వైపు చూశాడు.

వరసలో ముందున్నవాడు ఎర్ర టీషర్టు కుర్రాడు. ఉదయం ఒకరి మట్టి గుర్రాన్ని పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, ముట్టుకున్నాను, ముద్ర వెయ్యండి అన్నవాడు. వాడు పిడికిలి ఎత్తాడు. ఎత్తి ఆగాడు. కిందికి చూసుకున్నాడు. కాలి చెప్పులు వదిలాడు. వేలి చివరతో బొమ్మ పాదం అంటీ అంటనట్టు తాకి, ఆ వేలు కళ్లకద్దుకున్నాడు.

వెనకాలవాడు అదే చేశాడు. ఆ వెనకావిడా అదే చేసింది. దేవుడు ఖాళీ చేశాడని తమ కళ్లతో చూసినవాళ్లే, సాక్షి సంతకాలు పెట్టినవాళ్లే, ఒక్కొక్కరూ వచ్చి పాదం తాకి కళ్లకద్దుకుని వెళ్తున్నారు. చిన్నపిల్లల్ని ఎత్తి పట్టుకుని తాకిస్తున్నారు. మెల్లిగా నాన్నా, మెల్లిగా అంటున్నారు. కవల పిల్లలతో వచ్చిన రజియా అనే ఆవిడ పాదం జోలికి పోకుండా పెద్ద చెవిని మాత్రం చిటికెనవేలితో తాకి, "ఎంత బాగా చేశావమ్మా, విననీకి ఇంత చెవి పెట్టినావ్" అంది. హంసిక అప్పుడు నవ్వింది.

తొడుగుల పెద్దమనిషి తొడుగులు తీసేసి మరీ ముట్టుకున్నాడు. అప్పలనాయుడు తలుపు వదిలి వచ్చి ముట్టుకున్నాడు. శ్రావ్య ముట్టుకుని, కళ్లు తుడుచుకుని, ముద్రలు వేయడం మొదలుపెట్టింది. దయానిధి గారు అటూ ఇటూ చూశారు.

"తనిఖీ నిమిత్తం స్పృశిస్తున్నాను" అన్నారు. బూట్లు విప్పి స్పృశించారు. తనిఖీకి కావలసిన దానికంటే కాస్త ఎక్కువసేపే కళ్లు మూసుకున్నారు.

మూడు వందల పదకొండుమంది అయ్యారు. చెవి అలాగే ఉంది. తొండం కుడికి తిరిగినది తిరిగినట్టే ఉంది. పాదాల దగ్గర మాత్రం మట్టి నున్నగా అరిగి, చిన్న గుంట పడింది. ఇక మిగిలింది సోమలింగం ఒక్కడే. ఆయన కార్డులో మూడో గడి ఖాళీగా ఉంది. అప్పలనాయుడు తలుపు దగ్గర నిలబడి, బేగి రా తాతా అని కేకేశాడు.

సోమలింగం బల్ల ముందుకొచ్చాడు. చెయ్యి చాపాడు. వేలు పాదం మీద ఆన్చి కళ్లకద్దుకున్నాడు. ఆయన ఆ రోజు ఏమీ పెద్దగా తెలుసుకోలేదు. పురోహితుడు చెప్పనిదీ, శాస్త్రంలో ఉన్నదీ ఆయనకు అప్పుడూ తెలియదు. ఎక్కడికి వెళ్తాడో, ఎలా వెళ్తాడో ఇప్పటికీ చెప్పలేడు. ఆయన అనుకున్నది ఇంతే: వెళ్లిపోయినవాడి పాదాలు ఇంతమంది ఎవరూ చెప్పకుండా పట్టుకున్నారంటే, ఆ అరంగుళంలో ఆయన మరీ దూరం వెళ్లి ఉండడు. పిలిస్తే వినపడే దూరంలోనే ఉండి ఉంటాడు. ఉంటే తన మొహం గుర్తుపట్టే ఉంటాడు.

నాగరత్నం ఇక పదండి అంటోంది. సోమలింగం కండువా తీసి ఆమె చేతికిచ్చాడు. కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి పట్టుకున్నాడు. చేతులకు రంగుల గది నీలం ఇంకా ఉంది. అది చెవులకు అంటింది.

"ఏమండీ, మోకాళ్లు" అంది నాగరత్నం.

ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు. మోకాలు టప్పుమంది. బల్ల అంచు పట్టుకోకుండా లేచాడు. తాతయ్య ఏం చేస్తున్నాడో హంసికకు అర్థమైంది. గబగబా పక్కకొచ్చి నిలబడి లెక్కపెట్టింది.

"ఒకటి."

"ఒకటి కాదమ్మా" అన్నాడు సోమలింగం రొప్పుతూ. "పందొమ్మిది."

ఆయన మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"ఇరవై" అంది.

మూడోది లేవడానికి చాలాసేపు పట్టింది. శ్రావ్య ముద్ర చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. దయానిధి గారు ఒక బూటు తొడుక్కుని, రెండోది పట్టుకుని చూస్తున్నారు. సోమలింగం నిటారుగా నిలబడ్డాడు.

"ఇరవై ఒకటి" అంది హంసిక. గణపతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.